అట్టల స్టేషన్లు కట్టిన మా బావ

మా అక్క ఏసమ్మ మొగుడు సుందర్‌రాజు చేతిలో కళ ఉందని పటాన్‌చెరులో మా చర్చి వాళ్ళంతా అనేవాళ్ళు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చేతకానివాణ్ణి ఎవరూ పట్టించుకోరు. వాడు సాయంత్రం సైరన్ మోగగానే చేతులు కడుక్కుని ఇంటికొస్తాడు. చేతనైనవాణ్ణి చూస్తే మాత్రం ప్రతివాడికీ ఏదో ఒక పని గుర్తొస్తుంది. పాలిచ్చే బర్రెను కట్టేసుకోకుండా ఎవరు వదులుతారు? మా బావనూ అట్లాగే కట్టేసుకున్నారు.

నేను హన్నాను. అప్పట్లో పటాన్‌చెరు ప్రైమరీ బడిలో టీచర్‌ని. పెళ్ళి కాలేదు కాబట్టి అక్కా వాళ్ళ రెండు గదుల కిరాయి ఇంట్లోనే ఉండేదాన్ని. పొద్దున లేస్తే బావతో నాకు వేళాకోళమే. ఆయనా తక్కువ తినలేదు. సుద్దముక్క అంటిన నా చేతులు చూసి, పిండి పిసికి లేచినట్టే ఉంది గానీ ఇంట్లో ఒక్క రొట్టె కనబడదేమని అడిగేవాడు. అక్క మా ఇద్దరినీ కలిపి తిట్టేది.

బావది భానూర్. నాగులపల్లి స్టేషన్ అక్కడికి దగ్గరే. చిన్నప్పుడు మేకలు కాయడానికి పోయి, మేకల సంగతి మరిచిపోయి స్టేషన్ చూస్తూ కూర్చునేవాడట. రైలంటే ఆయనకు పెద్ద మోజు లేదు. రైలు వస్తుంది, పోతుంది. స్టేషన్ అక్కడే ఉంటుంది. దాని పెంకులూ, రాతి గోడలూ, సిగ్నల్ గది మెట్లూ, ఇంజన్‌కు నీళ్ళు పట్టే ట్యాంకు కింద ఎప్పుడూ ఆరని తడీ ఆయనకు కంఠతా వచ్చు. మేకలు ఎవరి చేలో పడ్డాయో మాత్రం ఎప్పుడూ తెలిసేది కాదు.

పటాన్‌చెరు చుట్టూ కంపెనీలు లేస్తున్న రోజుల్లో ఆయన అట్టపెట్టెల కంపెనీలో క్యాజువల్‌గా చేరాడు. పెట్టెల అంచులకు తీగ కుట్టే స్టిచింగ్ మెషీన్ మీద పని. పక్క మెషీన్ మీద కర్దనూర్ మొగులయ్య. ఇద్దరికీ ఒకే సద్ది, ఒకే బీడీ. మొగులయ్య నోట్లో నాలుక ఆగదు, బావ నవ్వు ఆగదు. ఆ మెషీన్ల చప్పుడులో ఒకడు అరిచేది ఇంకొకడికి ఎట్లా వినపడేదో దేవుడికే తెలియాలి. బావ తన బతుకంతటిలో సంతోషంగా పనికి పోయింది ఆ రోజుల్లోనే అని నేను ఒట్టేసి చెప్పగలను.

ఆయన్ను పట్టించింది క్రిస్మస్. ప్రతి ఏడూ చర్చిలో పశువుల పాక కట్టే పని బావదే. కంపెనీలో పడేసిన అట్టముక్కలు మూట కట్టి తెచ్చి కట్టేవాడు. ఒక ఏడు పాక ఒక్కటే ఏం బాగుంటుందని బేత్లెహేము ఊరంతా కట్టబోయాడు. బేత్లెహేము ఎట్లుంటుందో మాలో ఎవరు చూశారు? బావ చూసిందల్లా రైల్వే స్టేషన్లే. కాబట్టి ఆ ఏడు యేసు ప్రభువు అచ్చం నాగులపల్లి స్టేషన్ పక్కనే పుట్టాడు. సత్రానికి బంగ్లా పెంకుల కప్పు, ముందు ప్లాట్‌ఫారం, పక్కన నీళ్ళ ట్యాంకు. గొర్రెల కాపరులు గూడ్స్ షెడ్డు వెనక నుంచి వస్తున్నారు. పాస్టర్ అయ్యగారు చూసి, సుందర్‌రాజూ, ఆ కాలంలో రైలెక్కడిదయ్యా అని అడిగితే, రైలు పెట్టలే అయ్యగారూ, స్టేషనే పెట్టిన అన్నాడు. చర్చంతా నవ్వింది. నవ్వుతూనే ఒక్కొక్కరూ దగ్గరికి వచ్చి, వంగి, ఆ పెంకులను వేలితో తాకి చూశారు. మట్టి పెంకులేనని వాళ్ళ నమ్మకం. అవి శుభలేఖల అట్టను సన్నటి పట్టీలుగా కోసి, అంచున గాట్లు పెట్టి, చూరు నుంచి పైకి వరసలుగా అతికించినవి.

ఆ తాకిచూసిన వాళ్ళలో సత్యరాజుగారు ఒకరు. బావ పనిచేసే కంపెనీకి ఆయనే మేనేజర్. మంచి మనసుతోనే పోయి యజమానికి చెప్పాడు. మంచి మనసుతో చేసే పనులకు విరుగుడు ఉండదు.

యజమాని బేగంబజార్ సేఠ్. ఒకప్పుడు నెలకోసారి రైల్లో బొంబాయి పోయి వచ్చే మనిషి. పక్షవాతం వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాక కంపెనీ పక్కనే బంగ్లా కట్టుకుని చక్రాల కుర్చీలో ఉండేవాడు. ఆయన తమ్ముడు జర్మనీ నుంచి కరెంటుతో నడిచే ఆటరైలు ఒకటి తెచ్చి ఇచ్చాడు. బంగ్లా వెనక పెద్ద గదిలో బల్లలు వేయించి, గోడల వెంట పట్టాలు పరిపించి, దాన్ని తిప్పుకుంటూ కూర్చునేవాడు. దాంతోపాటు వచ్చిన ఇళ్ళు, స్టేషన్లు జర్మనీవి. నిటారు కప్పులు, రంగురంగుల కిటికీలు. సేఠ్‌కు అవి నచ్చలేదు. ఆయనకు తాను పోయిన దారి కావాలి. బావను పిలిపించి ఆ మాటే చెప్పాడు.

“సుందర్, లింగంపల్లి సే వాడి జంక్షన్ తక్ అన్ని స్టేషన్లు కావాలె. పని ఖతం అయినంక నిన్ను మెషీన్ మీద పర్మనెంట్ చేస్త. నాది జబాన్.”

పర్మనెంట్ అన్న మాట మా ఇంట్లో ఎంత బరువో చెప్పాలి. మేం లక్డారం వాళ్ళం. మా నాయన ఒక పటేల్ దగ్గర ఏడాది జీతం ఉండేవాడు. ఉగాది దగ్గరపడుతుంటే మా ఇంట్లో నవ్వులు ఆగిపోయేవి. ఆ పొద్దు పటేల్ పిలిచి ఇంకో ఏడు ఉండమంటే ఉన్నట్టు, పిలవకపోతే లేనట్టు. ఒక ఉగాదికి పిలవలేదు. నాయన సాయంత్రం దాకా పటేల్ అరుగు కింద నిలబడి, ఇంటికొచ్చి, గోడకు తిరిగి పడుకున్నాడు. నేను చిన్నదాన్ని, నాకు సగమే తెలుసు. అక్కకు అంతా తెలుసు. రేపటి నుంచి రావద్దు అని ఎవరూ అనలేని కొలువు మొగుడికి దొరకాలని అక్క పెళ్ళినాటి నుంచీ దేవుణ్ణి అడుగుతోంది. కాబట్టి సేఠ్ మాట విన్న రోజు మా ఇంట్లో కోడిని కోశారు.

మొదట్లో బాగానే ఉండింది. ఉండలేదని అబద్ధం చెప్పను. చూడకుండా ఎట్లా కడతాడని సేఠ్ బావను ప్యాసింజర్ రైల్లో ఒక్కొక్క స్టేషన్‌కు పంపాడు. బావ దిగడం, స్టేషన్ చుట్టూ అడుగులతో కొలవడం, కిటికీలను జానలతో కొలవడం, గోడల కొలతలు రాసుకుంటూ తిరగడం. శంకర్‌పల్లి స్టేషన్ మాస్టర్ ఆయన్ను పెంకుల దొంగ అనుకున్నాడు. తాండూర్‌లో పెద్ద ఆఫీసర్ అనుకుని కుర్చీ వేశారు. రెండూ చెప్పి చెప్పి నవ్వించేవాడు. అన్నిటికంటే ధారూర్ స్టేషన్ ఆయనకు నచ్చింది. అక్కడ వాన పట్టుకుంటే సాయంత్రం బండి దాకా ఒక్కడే బెంచీ మీద కూర్చున్నాడట. నువ్వెవరని ఎవరూ అడగలేదు, ఏం పనని అడగలేదు. అట్లాంటి పూట మళ్ళీ దొరకలేదని తర్వాత చాలాసార్లు అన్నాడు.

ఇంట్లో చీపురు పుల్లలు మాయమై కిటికీ ఊచలయ్యాయి. సిగరెట్ పెట్టెల మీది పల్చటి కాగితం కిటికీ అద్దాలయింది. పెట్టె అట్టను తడిపి పైపొర ఒలిస్తే లోపల అలలు అలలుగా ఉంటుంది కదా, అది గూడ్స్ షెడ్డు రేకులయింది. మందపాటి అట్ట మీద ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో గట్టిగా గీతలు అదిమితే రాతి గోడ. దాని మీద టీ డికాక్షన్ పూసి, ఇంజన్ ఆగే చోట దీపం మసి అద్దేవాడు. ప్లాట్‌ఫారం మూల మీద ఎర్ర సిరా చుక్కలు చల్లి, ఎవరో పాన్ ఉమ్మినట్టు చేశాడు. అది చూసి సేఠ్ కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వాడట. అదిగో, అక్కడే బావ మెడకు ఉచ్చు బిగిసింది. పని కొంచెం తక్కువ బాగా చేసి ఉంటే ఈపాటికి మెషీన్ మీద ఉండేవాడు.

తర్వాత్తర్వాత సేఠ్ స్టేషన్లకు పంపడం మానేశాడు. ఫొటోలు తెప్పించి ఇచ్చి, రోజు వృథా ఎందుకు, ఇక్కడే చెయ్ అన్నాడు. ఆదివారాలు కూడా రమ్మన్నాడు. బావ చర్చికి రాకపోతే స్త్రీల కూటం పెద్ద సువార్తమ్మ అక్కను నిలదీసేది. ఒకసారి సేఠ్ చుట్టాల పిల్లలు గదిలోకి జొరబడి ఇంజన్‌ను కింద పడేశారు. అప్పటి నుంచి వాచ్‌మన్ యాదన్న బయటినుంచి తాళం వేయడం మొదలుపెట్టాడు. లోపల బావ ఉండగానే. గాలికి కాగితాలు ఎగురుతాయని ఫ్యాన్ వద్దు, ఎండకు రంగు వెలుస్తుందని కిటికీలు మూత. ఎండాకాలం ఆ గదిలో అట్టలు అతికించే లై వాసన, చెమట వాసన. యాదన్న అన్నానికి పోయినప్పుడు బావకు ఒంటికి పోవాలనిపిస్తే ఆయన వచ్చేదాకా బిగపట్టుకుని కూర్చోవలసిందే.

ఈ సంగతి నాకు తెలిసింది ఎట్లాగంటే, అక్కకు జ్వరం వచ్చిన రోజు సద్ది నేను తీసుకుపోయాను. యాదన్న నడుముకున్న తాళం చెవి తీసి తలుపు తెరిచాడు. లోపల బావ స్టూలు మీద వంగి ఉన్నాడు. తల ఎత్తి వెలుతురుకు కళ్ళు చికిలించాడు. నేను ఏదో వేళాకోళం ఆడబోయి ఆగిపోయాను. ఇంటికొచ్చి అక్కతో కోపంగానే చెప్పాను, నీ మొగుణ్ణి లోపలేసి తాళం పెడుతున్నారని. అక్క పొయ్యి ఊదుతూ తల తిప్పకుండా అంది, “మన నాయనకు తాళం లేకుండె, హన్నా. ఉగాది ఉండె.”

నేను సద్ది గిన్నె కడగడానికి కూర్చున్నాను.

మానేయొచ్చు కదా అని మీరంటారు. నేనూ అన్నాను. మానేస్తే మళ్ళీ ఏదో కంపెనీ గేటు ముందు పొద్దున్నే గుంపులో నిలబడి, మేస్త్రీ వేలు తన వైపు తిరుగుతుందేమో అని చూడాలి. దగ్గరలో పెద్ద కంపెనీలు రెండు సేఠ్ బంధువులవే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా బావ ఆశ బావకుంది. వాడి జంక్షన్ దాకా అయిపోతే మెషీన్ మీదికి పోతాను, మొగులయ్య పక్కన కూర్చుంటాను అనేవాడు. పనికి పోయేటప్పుడు ఆ మాట అనుకుని సైకిల్ ఎక్కేవాడు.

వికారాబాద్ అయింది. అప్పుడు సేఠ్‌కు వికారాబాద్ నుంచి బీదర్ లైన్ చీలుతుందని గుర్తొచ్చింది. అది లేకపోతే జంక్షన్ ఎట్లయితది అన్నాడు. బీదర్ దాకా కట్టాడు. తాండూర్, సేడం, చిత్తాపూర్ అయ్యాయి. వాడి జంక్షన్ కూడా అయింది. ఆ సాయంత్రం బావ మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాడు. మర్నాడు పోయేసరికి సేఠ్ ఫొటోల కట్ట ముందు పెట్టుకుని ఉన్నాడు. వాడి దగ్గర ఒక దారి షోలాపూర్ వైపు పోతుంది, ఒకటి రాయచూర్ వైపు. ఏది ముందు చేద్దామని అడిగాడట. రైలు పట్టాలకు కొస ఎక్కడుందో నాకైతే తెలీదు. బావకు ఆ రోజు తెలిసిపోయింది, లేదని.

అదే నెలలో మొగులయ్య పర్మనెంట్ అయ్యాడు. స్టిచింగ్ మెషీన్ మీదే. మిఠాయి తెచ్చి మా ఇంట్లో ఇచ్చి, ఇంకా ఆ బొమ్మలాట ఎంతకాలం అన్నా అని అడిగాడు. బావ నవ్వాడు గానీ మిఠాయి తినలేదు.

అక్క మాత్రం ప్రార్థన పెంచింది. ప్రతి మంగళవారం స్త్రీల కూటంలో ఆమె విన్నపం ఒకటే. సువార్తమ్మ గొంతెత్తితే రోడ్డు మీద పోయే లారీవాడికి కూడా మా బావ ఉద్యోగం సంగతి తెలిసిపోయేది. తండ్రీ, నీ దాసుడు సుందర్‌రాజును పర్మనెంట్ చేయుము. చర్చిలో అయ్యగారూ అదే. ఇంట్లో మోకాళ్ళ మీద బావా అదే. మా వాళ్ళలో విన్నపం ఒక్క ముక్కలో చెప్పాలి, అందరూ గుర్తుపెట్టుకుని చేయడానికి వీలుగా. జబ్బు, సంతానం, పర్మనెంట్, అట్లా. తాళం సంగతి, మెషీన్ సంగతి, మొగులయ్య సంగతి అందులో ఎవరూ పెట్టలేదు. మొగవాణ్ణి లోపలేసి గొళ్ళెం పెడుతున్నారని బావ చర్చిలో లేచి ఎట్లా చెప్పుకుంటాడు?

పని చెడగొడితే సేఠే పొమ్మంటాడని ఒకసారి బావకు తోచింది. రాయచూర్ వైపు మొదటి స్టేషన్‌ను వంకరగా కట్టాడు. కప్పు ఒక పక్కకు ఒరిగింది, కిటికీలు ఎగుడుదిగుడు. పొద్దుటి నుంచి దాని ఎదురుగా కూర్చున్నాడు. మధ్యాహ్నానికి తట్టుకోలేక ఒక కిటికీ సరిచేశాడు. ఒకటి సరిచేస్తే రెండోది ఊరుకుంటుందా. సాయంత్రం యాదన్న తాళం తీసేసరికి ఆ స్టేషన్ పోత పోసినట్టు నిలబడి ఉంది. ఇంటికొచ్చి నాకు ఆ సంగతి చెప్పి, తన చేతులు తానే చూసుకున్నాడు. ఈ చేతులు నా మాట వింటలేవు పిల్లా అన్నాడు.

వానాకాలం వచ్చింది. బావ లై ఇంట్లోనే ఉడికించి డబ్బాలో పట్టుకుపోయేవాడు. మైదాపిండిలో మైలుతుత్తం కలిపితే లై నీలంగా వస్తుంది. మైలుతుత్తం విషం కాబట్టి ఎలుకలు, బొద్దింకలు దాని జోలికి రావు. అట్టల పని చేసేవాళ్ళు అది మరిచిపోరు, ముఖ్యంగా ఆ కంపెనీలో. అక్కడి ఎలుకలు గోదాంలో ఒలికిన పిండి తిని తిని పిల్లుల్లా బలిసి ఉండేవి. ఒక పొద్దు నేను పొయ్యి దగ్గరికి పోతే బావ లై కలుపుతున్నాడు. గిన్నెలో లై తెల్లగా ఉంది. పక్కన అక్క దాచుకున్న బెల్లం గడ్డ సగమై ఉంది. మైలుతుత్తం మరిచినవా బావా అన్నాను. ఆయన గరిటె ఆపలేదు. నీకు బడి టైం కాలేదా అన్నాడు. నాకు అర్థమైంది. అర్థమై, జడ వేసుకుని బడికి పోయాను. ఆ మాటకొస్తే నాకు సంతోషమే అయింది.

వానకు అతుకులు ఊడుతున్నాయి, అన్నిటికీ ఇంకో పూత వేయాలని సేఠ్‌తో చెప్పి, బావ లింగంపల్లి నుంచి మొదలుపెట్టి ప్రతి కప్పుకూ, ప్రతి గోడకూ ఆ తియ్యటి లై పూశాడు. పూసింది తన చేతి పనికే. ఆ రోజుల్లో అన్నం సరిగ్గా తినలేదు. అక్క కడుపునొప్పేమో అని వాము నీళ్ళు ఇచ్చింది. పూత వేస్తూ వేస్తూ ధారూర్ దగ్గరికి వచ్చేసరికి బావ చెయ్యి ఆగింది. దానికి పూయలేకపోయాడు. ఒక్కదానితో ఏమవుతుందిలే అనుకుని ముందుకు జరిగాడు.

తర్వాత రోజుల తరబడి ముసురు పట్టింది. కంపెనీకీ సెలవే. మళ్ళీ యాదన్న గది తాళం తీసేసరికి లోపల రైల్వే లేదు. జర్మనీ పట్టాలున్నాయి, ఇంజన్ ఉంది. వాటి చుట్టూ కొరికిన అట్టముక్కలు, పెంటికలు. వికారాబాద్ జంక్షన్‌లో ఎలుక పిల్లలు పెట్టింది. సేఠ్‌ను కుర్చీలో తోసుకొచ్చారు. ఆయన ఏమీ అరవలేదట. బల్ల అంచు పట్టుకుని, స్టేషన్ల పేర్లు ఒక్కొక్కటే అంటూ చూస్తూ పోయాడట. ఆయనకిక మిగిలిన దారి అదొక్కటే, అదీ పోయింది. మేనేజర్ సత్యరాజుగారు మెల్లగా, ఇక సుందర్‌రాజును మెషీన్ మీదికి పంపుదామా అని అడిగాడు. సేఠ్ అవునన్నట్టు తల కూడా ఊపాడట. పంపు, అయిపోయింది కద అన్నాడట.

అప్పుడు ఆయన చూపు గోడ మూలకు పోయింది. ధారూర్ స్టేషన్ పెంకు కూడా చెదరకుండా నిలబడి ఉంది.

సేఠ్ కుర్చీ తానే తోసుకుంటూ దాని దగ్గరికి పోయాడు. కప్పు మీద వేలు పెట్టి చూశాడు. వెనక్కి తిరిగేసరికి మనిషి మొఖమే మారిపోయిందని బావ చెప్పాడు.

“ధారూర్ బచ్ గయా, మిగిలింది. దీన్ని చూసి అన్నీ మళ్ళ చెయ్, సుందర్. లింగంపల్లి నుంచి.” సేఠ్ బావ చెయ్యి పట్టుకున్నాడు. “నా కాళ్ళు పొయినయి, నా రైలు పొయింది. నువ్వు గూడ పోతవా? పోవద్దు. ఇయ్యాల్నే రాయిస్త, నువ్వు పర్మనెంట్. ఈ రూంల.”

ఎదురు చెప్పాలంటే ఈ పని వద్దనే ఎలుకలకు మేత పెట్టానని చెప్పాలి. చెప్పకపోతే ఒప్పుకోవాలి. పైగా ఆ మనిషి ఏడుస్తున్నాడు. కుడితిలో పడ్డ ఎలుక అని మనం ఊరికే అంటుంటాం, ఆ రోజు ఎలుకలన్నీ హాయిగానే ఉన్నాయి. కుడితిలో ఉన్నది మా బావ ఒక్కడే.

సేఠ్ ఆ తర్వాత చాలాకాలం బతికాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, చివరికి ఏదో మంచి జరిగి ఉంటుందని ఎవరూ ఆశపడకుండా. బావ ఆ గదిలోకి పోతూనే ఉన్నాడు.

పర్మనెంట్ ఆర్డర్ చూసి అక్క దాన్ని కళ్ళకద్దుకుంది. ఏ గది, ఏ మెషీన్ అన్నది ఆమెకు కనబడనే లేదు. కనబడిందల్లా ఇక మొగుణ్ణి ఎవరూ రావద్దనలేరని. మా వాళ్ళలో దేవుడు విన్నపం వింటే ఊరుకోకూడదు. ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టాలి, నలుగురిని పిలవాలి, మేలు పొందినవాడు లేచి సాక్ష్యం చెప్పాలి. మొక్కు చెల్లించినట్టే అది. అక్క వచ్చే ఆదివారం సాయంత్రానికి కూటం పెట్టింది. అరువు తెచ్చిన చాపలు పరిచాం. మైసూర్ పాక్, కారపూస, టీ. అక్క గద్వాల చీర కట్టుకుంది. ఆమె మొఖంలో ఆ వెలుగు పెళ్ళినాడు కూడా నేను చూడలేదు. దాన్ని చూస్తే నాకు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు.

అయ్యగారు ప్రార్థన చేశారు. సువార్తమ్మ పాట ఎత్తుకుంది. మొగులయ్య మా మతం కాకపోయినా వచ్చి గడప దగ్గర చెప్పులు విడిచి కూర్చున్నాడు. సత్యరాజుగారికి కుర్చీ వేశాం. అంతా అయ్యాక అయ్యగారు బావను లేచి సాక్ష్యం చెప్పమన్నారు.

బావ ఇస్త్రీ చొక్కాలో లేచి నిలబడ్డాడు. గోళ్ళ సందున ఎండిపోయిన లై అట్లాగే ఉంది, ఈసారి నీలం రంగుది. ప్రభువుకు స్తోత్రం అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. తర్వాత తల వంచి ఆ గోళ్ళనే గీక్కుంటూ నిలబడ్డాడు. సాక్ష్యం చెప్పేవాళ్ళకు కన్నీళ్ళు రావడం మామూలే కాబట్టి అందరూ ఓపికగా చూశారు.

“మీరందరు నా కోసం శాన ప్రార్థన చేసిండ్రు,” అన్నాడు. “పర్మనెంట్ కావాలని అడిగిండ్రు. నేను గూడ గదే అడిగిన. దేవుడు గదే ఇచ్చిండు. ఏడ అన్నది మనం ఎవ్వరం చెప్పలే.”

ఆయన కూర్చున్నాడు. సువార్తమ్మ గట్టిగా ఆమెన్ అంది. వెనక ఇద్దరు ముగ్గురు నవ్వారు. సుందర్‌రాజు ఎప్పుడూ ఇంతే, బేత్లెహేములో స్టేషన్ కట్టినవాడు అని ఎవరో అన్నారు. మొగులయ్య నవ్వలేదు. అక్క కూడా నవ్వలేదు. మైసూర్ పాక్ పళ్ళెం చేతిలో పట్టుకుని బావనే చూస్తూ ఉండిపోయింది. నేను పళ్ళెం తీసుకుని అందరికీ పంచాను.

జనం టీలు తాగుతున్నారు. అక్క ఒక గ్లాసు తెచ్చి బావకిచ్చి, పక్కనే చాప మీద కూర్చుంది. గద్వాల చీర కొంగును వేళ్ళకు చుట్టుకుంటూ, మెల్లగా, నాకూ ఆయనకూ మాత్రమే వినపడేట్టు అడిగింది.

“మంగళవారం కూటం ఉంది. ఇంకేమన్న అడగాల్నా?”

బావ టీ గ్లాసులోకి చూశాడు.

“వద్దు,” అన్నాడు. “అడిగితే ఇస్తడు.”